ఐటీఐ డీజిల్ మెకానిక్ తర్వాత లారీ పని: ఎక్కడ చేరాలి, ఏది ముందు నేర్చుకోవాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: ఐటీఐలో ఏడాది డీజిల్ మెకానిక్ ట్రేడ్ అయిపోయింది, కార్ల జోలికి పోకుండా లారీలు, టిప్పర్ల పనిలోనే స్థిరపడాలని ఉంది. కంపెనీ డీలరు వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాలా, విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి దగ్గర చేరాలా? బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే కొత్త నిబంధన) బండ్లు వచ్చాక షెడ్డు పనికి రోజులు చెల్లిపోయాయా? ముందుగా ఏ పనిముట్లు కొనుక్కోవాలి?

డీలరు దగ్గర, షెడ్డులో రెండుచోట్లా చెయ్యి. కానీ వరస ముఖ్యం. మొదటి ఏడాది డీలరు వర్క్‌షాపు, తర్వాత కనీసం రెండేళ్లు షెడ్డు. ఈ వరస తిరగేసినవాళ్లకు చేతిపని బాగానే వస్తుంది గానీ కొలిచి చూసే అలవాటు అబ్బడం కష్టం. ఈ రోజుల్లో లారీ మెకానిక్ అన్నం తినేది ఆ కొలతతోనే.

డీలరు దగ్గర దొరికేవి సర్వీస్ మాన్యువల్, టార్క్ రెంచి, స్కానింగ్ టూల్, జాబ్ కార్డు రాసే పద్ధతి. ఏ బోల్టుకు ఎంత బిగింపు, ఏ భాగం ఎంత అరిగితే మార్చాలి అన్నది పుస్తకంలో చూసి చేయడం అక్కడే అలవాటవుతుంది. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రాయించుకునే చేరు. చివర్లో అఖిల భారత ట్రేడ్ పరీక్ష రాస్తే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది, అది తర్వాత చాలా చోట్ల అక్కరకొస్తుంది. ఒప్పందం లేకుండా 'ముందు చేరు, తర్వాత చూద్దాం' అనే చోట ఏడాది గడిచినా చేతిలో కాగితం ఉండదు. ఏపీఎస్‌ఆర్టీసీ, టీజీఎస్‌ఆర్టీసీ డిపోలు కూడా డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్ ట్రేడ్‌ల వాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. ఒకే రకం బస్సులు వందసార్లు కళ్ల ముందు తిరుగుతాయి కాబట్టి, ఏది ఎన్ని కిలోమీటర్లకు అరుగుతుందో అక్కడ తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

డీలరు దగ్గర లోపం కూడా ఉంది. నిన్ను ఒక బేలో (ఒకే రకం పని జరిగే గడిలో) పడేసి నెలల తరబడి ఆయిలు, ఫిల్టర్లే మార్పిస్తారు. వారంటీ బండికి గేర్‌బాక్స్ చెడితే చాలాసార్లు మొత్తం అసెంబ్లీయే మారుస్తారు, విప్పి లోపల చూసే అవకాశం రాదు. మూడు నెలలకోసారి బే మార్చమని ఫోర్‌మన్‌ను నువ్వే అడగాలి. అడగకపోతే ఎవరూ మార్చరు.

షెడ్డు విలువ ఇక్కడే. ఆటోనగర్‌లో ఇంజన్ పనికి ఒక షెడ్డు, గేర్‌బాక్స్, హౌసింగ్‌కు ఒకటి, కమాను కట్టలకు ఒకటి, పంపు, నాజిళ్లకు ఒకటి, సెల్ఫ్, డైనమో వాళ్లు వేరు, రేడియేటర్ వాళ్లు వేరు. పదేళ్లు తిరిగిన గేర్‌బాక్స్ బల్ల మీద విప్పి పెట్టి, ఏ పన్ను ఎటువైపు అరిగిందో, సింక్రో రింగు ఎందుకు పోయిందో చేత్తో తడిమి చూసే చోటు అది. చేరబోయే ముందు ఒక పూట ఊరికే నిలబడి గమనించు. జాకీ ఎత్తిన బండి కింద స్టాండులు పెట్టాకే దూరుతున్నారా? విప్పిన బోల్టులు వరసగా ట్రేలో పెడుతున్నారా, నేల మీద కుప్పపోస్తున్నారా? హెడ్డు బిగించేటప్పుడు టార్క్ రెంచి బయటికి వస్తోందా? ఈ మూడూ ఉన్న షెడ్డులో జీతం కాస్త తక్కువైనా సరే, చేరు.

ఇక ఏది ముందు నేర్చుకోవాలి అంటే, ఇంజన్ కాదు. కుర్రాళ్లందరికీ కన్ను ఇంజన్ మీదే ఉంటుంది. కానీ మొదటి ఆరు నెలలు బ్రేకులు, హబ్బులు, స్టీరింగు, గ్రీజు పాయింట్ల మీద పెట్టు. ఇంజన్ పని తప్పు చేస్తే బండి ఆగిపోతుంది. బ్రేకు పని తప్పు చేస్తే బండి ఆగదు.

ఎయిర్ బ్రేకులో అన్నిటికంటే ముందు రావాల్సింది పుష్ రాడ్ స్ట్రోకు కొలవడం, అంటే గాలి తోసినప్పుడు బ్రేక్ చాంబర్‌లోంచి వచ్చి బ్రేకు పట్టించే కడ్డీ ఎంత దూరం కదులుతోందో చూడటం. పావుగంట పని, చాలా షెడ్డుల్లో ఎవరూ చెయ్యరు. బండిని సమమైన నేల మీద నిలిపి చక్రాలకు రెండువైపులా చెక్కలు పెట్టు. గాలి 6.2 నుంచి 6.9 బార్ దాకా నింపి ఇంజన్ ఆపు. పార్కింగ్ బ్రేకు వదులు. బ్రేక్ చాంబర్ మొహం దగ్గర పుష్ రాడ్ మీద సుద్దముక్కతో గీత గియ్యి. ఇంకొకర్ని పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోమను. గీత ఎంత ముందుకు వచ్చిందో స్కేలుతో కొలువు. మామూలు టైప్ 24 చాంబర్‌కు 44 మి.మీ., టైప్ 30కి 51 మి.మీ. దాటితే అది పని కోరుతున్న బ్రేకే. ఒకే యాక్సిల్ మీద కుడి ఎడమల మధ్య తేడా ఎక్కువగా ఉంటే బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

ఈ అంకెల వెనక కారణం కూడా తెలుసుకో. టైప్ 24 అంటే డయాఫ్రమ్ (చాంబర్ లోపల గాలి తోసే రబ్బరు పొర) పని చేసే వైశాల్యం 24 చదరపు అంగుళాలు. 6.9 బార్ అంటే చదరపు అంగుళానికి 100 పౌండ్లు, అంటే రాడ్ మీద 2,400 పౌండ్లు, దాదాపు 1,090 కిలోల తోపు. స్ట్రోకు పరిమితి దాటాక డయాఫ్రమ్ చాంబర్ గోడకు ఆనుకోవడం మొదలై ఆ తోపు ఒక్కసారిగా పడిపోతుంది. దానికి తోడు ఘాట్ దిగుతున్నప్పుడు వేడికి డ్రమ్ము వ్యాకోచించి స్ట్రోకు ఇంకా పెరుగుతుంది. ఉదయం షెడ్డు ముందు బాగానే పట్టిన బ్రేకు, లోడుతో ఘాట్‌లో పట్టకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

స్లాక్ అడ్జస్టర్ అంటే లైనర్ అరిగేకొద్దీ పెరిగే ఖాళీని సరిచేసే లివరు. పాత చేతి రకం అయితే లైనర్ డ్రమ్ముకు తగిలేదాకా బిగించి, పావు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పి, చక్రం చేత్తో తిప్పి చూడాలి. ఆటో స్లాక్ అడ్జస్టర్ సంగతి వేరు, ఇక్కడే ఎక్కువ తప్పు జరుగుతుంది. స్ట్రోకు పెరిగిందని పానా పెట్టి చేత్తో బిగించేస్తారు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఆటో స్లాక్ తనంతట తాను సర్దుకోలేదంటే ఎక్కడో కారణం ఉన్నట్టు. క్లెవిస్ పిన్ను అరిగిందా, ఎస్-క్యామ్ బుష్షు లూజు అయిందా, రిటర్న్ స్ప్రింగు విరిగిందా, బ్రాకెట్ వంగిందా చూడు. ఏదీ లేకపోతే అడ్జస్టరే పోయింది, మార్చు. దాన్ని చేత్తో బిగించి పంపడమంటే, జబ్బు అలాగే ఉంచి నొప్పి మాత్ర ఇచ్చినట్టు.

లీకేజీ చూడటానికి చెవి ఒక్కటే చాలదు. పూర్తి గాలి నింపి, ఇంజన్ ఆపి, పెడల్ తొక్కి పట్టి నిమిషం పాటు గేజి చూడు. ట్రాలీ లేని బండికి నిమిషంలో 0.2 బార్ కంటే ఎక్కువ పడితే సబ్బునీళ్లు పట్టుకుని వెతకాలి. అమెరికాలో లారీ తనిఖీకి వాడే హద్దు అది, మనకూ సరిపోతుంది. ఎయిర్ డ్రయర్ కార్ట్రిడ్జ్ వేళకు మార్చకపోతే తేమ, కంప్రెసర్ నుంచి వచ్చే ఆయిలు కలిసి జిగురుగా మారి వాల్వులన్నిటికీ పాకుతుంది. ట్యాంకు డ్రెయిన్ లాగినప్పుడు పాలలాంటి తెల్లని నీళ్లు వస్తే డ్రయర్ పోయిందని గుర్తు. నల్లటి ఆయిలు వస్తే కంప్రెసర్ రింగుల మీద అనుమానం పెట్టుకో.

ప్రాణానికి సంబంధించినవి నాలుగు చెప్తాను, వీటిలో రాజీ లేదు. ఒకటి, స్ప్రింగ్ బ్రేక్ చాంబర్. దాని లోపలి స్ప్రింగు వందల కిలోల ఒత్తిడితో ముడుచుకుని ఉంటుంది. కేజింగ్ బోల్టు వేసి స్ప్రింగును బంధించకుండా క్లాంప్ విప్పితే మూత తూటాలా వస్తుంది. తుప్పు పట్టిన చాంబర్‌ను విప్పకుండా మొత్తంగా మార్చు. రెండు, టిప్పర్ బాడీ ఎత్తి హైడ్రాలిక్ మీదే వదిలేసి కిందకు దూరడం. గొట్టం పగిలినా, ఎవరైనా కంట్రోలు ముట్టుకున్నా మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు. బాడీకి స్టీలు ఊతం పెట్టాకే చెయ్యి పెట్టు. మూడు, రింగు ఉన్న రిమ్ములు. చక్రం విప్పేముందు వాల్వు సూది తీసి గాలి మొత్తం పోనివ్వు. జంట టైర్లయితే రెండింటిదీ. గాలి కొట్టేటప్పుడు ఇనుప బోనులో పెట్టు, ఎదురుగా నిలబడకు. నాలుగు, తిరుగుతున్న కామన్ రైల్ ఇంజన్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపులోంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేది) మీద ఇంధన పైపులు విప్పడం. దీని గురించి కింద మళ్లీ చెప్తాను.

చక్రాల నట్ల బిగింపు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 10 స్టడ్లు, 22 మి.మీ. మర ఉన్న లారీ హబ్బుకు సాధారణంగా 600 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఖచ్చితమైన అంకె ఆ మోడల్ మాన్యువల్‌లో చూడు. 60 కిలోల మనిషి మీటరు పొడవు పైపు చివర కదలకుండా నిలబడితే దాదాపు 590 న్యూటన్ మీటర్లు పడుతుంది. అదే పైపు మీద గెంతితే ఎంత పడుతుందో లెక్కే ఉండదు, స్టడ్డు సాగిపోతుంది. గన్నుతో పూర్తిగా బిగించేసినా అంతే. ఎదురెదురు నట్లు వరసలో గన్నుతో ఆనించి, చివరి బిగింపు టార్క్ రెంచితో ఇవ్వు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకోమని డ్రైవరుకు చెప్పి, బిల్లు మీద కూడా రాయి.

ఇంజన్ పనిలో మొదటి మెట్టు టాపెట్లు కట్టడం, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య ఖాళీ సరిచేయడం. ఇది సరిగా వస్తే ఫైరింగ్ ఆర్డరు, టైమింగు, వాల్వుల కదలిక మూడూ ఒక్కసారే బుర్రకెక్కుతాయి. టాటా లారీల్లో ఎక్కువగా కనిపించే కమిన్స్ బి సిరీస్ ఆరు సిలిండర్ల ఇంజన్నే తీసుకో. ఇన్లెట్ 0.25 మి.మీ., ఎగ్జాస్ట్ 0.51 మి.మీ. ఫైరింగ్ ఆర్డరు 1-5-3-6-2-4. ఇంజన్ చల్లారి ఉండాలి, కూలెంట్ 60 డిగ్రీల లోపు. వేడి మీద కడితే అంకెలన్నీ తప్పుతాయి.

మొదటి సిలిండర్‌ను కంప్రెషన్ మీద పైకి తీసుకురా. అలా వచ్చిందనడానికి గుర్తు, 1వ సిలిండర్ రాకర్లు రెండూ వదులుగా ఊగుతాయి, 6వ దాని వాల్వులు ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ ఉంటాయి. ఇప్పుడు 1వ దానివి రెండూ, 2 ఇన్లెట్, 3 ఎగ్జాస్ట్, 4 ఇన్లెట్, 5 ఎగ్జాస్ట్ కట్టు. డ్యాంపర్ మీద గుర్తు పెట్టి క్రాంకును సరిగ్గా ఒక చుట్టు తిప్పు. ఇప్పుడు 2 ఎగ్జాస్ట్, 3 ఇన్లెట్, 4 ఎగ్జాస్ట్, 5 ఇన్లెట్, 6వ దానివి రెండూ. మొత్తం పన్నెండు. ఈ జాబితా గుర్తులేకపోతే పాత మేస్త్రుల జత లెక్క ఎప్పుడూ మోసం చేయదు: 1-6, 5-2, 3-4 జతలు. జతలో ఒకదాని వాల్వులు ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ ఉంటే రెండోది కట్టాలి.

ఇక చెయ్యి చెప్పాల్సిన సంగతి. ఫీలర్ గేజి పత్తా లోపలికి పోవాలి, కానీ లాగినప్పుడు నూనె రాసిన కాగితాన్ని రెండు పుస్తకాల మధ్య నుంచి లాగినట్టు సన్నగా పట్టుకోవాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా ఒక వెంట్రుకంత తిరుగుతుంది, ఖాళీ తగ్గిపోతుంది. అందుకే స్క్రూ డ్రైవర్ పట్టి ఉంచి నట్టును 24 న్యూటన్ మీటర్లకు బిగించి, పత్తా మళ్లీ పెట్టి చూడాలి. చాలామంది ఈ రెండో చూపు ఎగ్గొడతారు. ఎగ్జాస్ట్ బిగుతుగా ఉండిపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, వేడి హెడ్డుకు దిగదు, కొన్ని వేల కిలోమీటర్లలో అంచు కాలిపోతుంది. వదులైన టాపెట్ టకటకమని చెప్పుకుంటుంది. బిగిసిన టాపెట్ నోరు విప్పదు, అందుకే అదే ప్రమాదం.

పెద్ద మేస్త్రుల దగ్గర నేర్చుకోవాల్సింది సముద్రమంత ఉంది. బేరింగు శబ్దాన్ని రాడ్డు చెవికి ఆనించి పట్టడం, పొగ రంగు చూసి జబ్బు చెప్పడం, క్రౌన్ పినియన్ పళ్ల మీద రంగు పూసి మచ్చ చూడటం, ఇవి ఏ స్కానరూ నేర్పదు. కానీ పాత పంపు ఇంజన్ల మీద చెల్లిన కొన్ని అలవాట్లు కామన్ రైల్ బండి మీద చెల్లవు. గౌరవంగానే, వాటిని నీ చేతికి అంటనివ్వకు.

కొత్త డీజిల్ ఫిల్టరులో డబ్బాతో డీజిల్ పోసి బిగించడం అందులో మొదటిది. ఆ డీజిల్ వడపోయని వైపు నుంచి కాక నేరుగా శుభ్రమైన వైపుకు పోతుంది. 1,600 బార్ దాటి పని చేసే పంపు, ఇంజెక్టర్ల లోపలి సందులు మైక్రాన్లలో ఉంటాయి. కంటికి కనపడని ఇసుక రేణువు చాలు వాటిని గీసేయడానికి. ఫిల్టరు ఖాళీగా బిగించి, హ్యాండ్ ప్రైమర్ కొట్టి నింపు. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

ఏ సిలిండర్ కొట్టడం లేదో తెలుసుకోడానికి నడుస్తున్న ఇంజన్ మీద నాజిల్ పైపు వదులు చేయడం రెండోది. పాత బండిలో డీజిల్ చిమ్మి ఊరుకునేది. ఇక్కడ ఆ ఒత్తిడికి సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైన చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పోయి హై ప్రెషర్ డీజిల్ దిగిందని డాక్టరుకు చెప్పాలి. సిలిండర్ కటాఫ్ పరీక్ష స్కానర్‌తో చెయ్యి.

బాడీకి వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ తీయకపోవడం మూడోది. మన దగ్గర బాడీ పని నిత్యం ఉంటుంది కాబట్టి దీన్ని మనసులో నాటుకో. రెండు బ్యాటరీల కేబుళ్లూ తీసి, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు) ప్లగ్గులు ఊడదీసి, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పును అతికించే చోటికి జానెడు దూరంలోనే పట్టించు. ఎర్త్ ఎక్కడో ఛాసిస్ చివర పెడితే కరెంటు హబ్బు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది, రోలర్ల మీద గుంటలు పడతాయి.

నాలుగోది ఆయిలు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బీఎస్-6 ఇంజన్‌కు తక్కువ బూడిద ఇచ్చే ఆయిలే పోయాలి. డబ్బా మీద సీకే-4 లేదా ఆ కంపెనీ చెప్పిన గ్రేడు ఉందో లేదో చూడు. 15డబ్ల్యూ-40 అని ఉంటే చాలదు, అది చిక్కదనం మాత్రమే. పాత ఆయిలు పోస్తే ఇంజన్ నడుస్తుంది, డీపీఎఫ్ మాత్రం బూడిదతో ముందే నిండిపోతుంది. మసిని 600 డిగ్రీల దగ్గర కాల్చి రీజనరేషన్ చేయొచ్చు, బూడిద కాలదు. ఫిల్టరు విప్పి శుభ్రం చేయించడమో మార్చడమో తప్పదు.

కరెంటు పని 'ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడులే' అని వదిలేయకు. నువ్వు మెకానిక్‌వే అయినా మల్టీమీటరు మొదటి రోజు నుంచీ చేతిలో ఉండాలి. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. నిండుగా చార్జయి నిలకడగా ఉన్నప్పుడు 25.2 వోల్టులు లేదా కాస్త పైన, ఇంజన్ నడుస్తుంటే 27.5 నుంచి 28.5. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 19 కంటే దిగితే బ్యాటరీనో, సెల్ఫ్ ఎక్కువ కరెంటు లాగడాన్నో అనుమానించు. సెల్ఫ్ మెల్లగా తిరుగుతోందని వెంటనే విప్పకు. మీటరు ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, ఇంకొకటి సెల్ఫ్ పెద్ద బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు. 0.5 వోల్టు లోపు రావాలి. 2 వోల్టులు చూపిస్తే జబ్బు కేబుల్లో, లగ్గులో ఉంది. ఎర్త్ వైపు కూడా ఇలాగే చూడు. ఓమ్‌ల స్కేలు ఇక్కడ పనికిరాదు. 0.005 ఓము అడ్డు ఉన్నా 300 ఆంపియర్లకు 1.5 వోల్టులు తినేస్తుంది, మామూలు మీటరు ఆ 0.005ను చూపించనే లేదు. లోడు మీద వోల్టేజీ తేడా కొలవడం తప్ప దారి లేదు.

క్యాన్ లైను (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) చూడటం ఇంకా తేలిక. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ తీసి, డయాగ్నస్టిక్ ప్లగ్గులో రెండు క్యాన్ పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్‌ల చుట్టుపక్కల రావాలి. రెండు చివర్ల 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. బల్బు టెస్ట్ ల్యాంపుతో ఈసీయూ వైర్లను పొడవడం మానెయ్యి. ఆ బల్బు లాగే కరెంటు లోపలి సర్క్యూట్ తట్టుకోలేదు, పొడిచిన రంధ్రంలో రెండు వానలకు పచ్చటి తుప్పు పడుతుంది.

స్కానర్‌లో తప్పు కోడ్ చదివినంత మాత్రాన జబ్బు దొరికినట్టు కాదు. లారీ కోడ్‌లో రెండు ముక్కలుంటాయి. ఎస్‌పీఎన్ అంటే ఏ భాగం, ఎఫ్‌ఎంఐ అంటే ఎలాంటి తప్పు. ఎస్‌పీఎన్ 157 రైల్ ప్రెషర్, 100 ఆయిల్ ప్రెషర్, 110 కూలెంట్ వేడి. ఎఫ్‌ఎంఐ 3 అంటే వోల్టేజీ ఉండాల్సిన దానికంటే ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే లైను తెగింది లేదా కరెంటు తక్కువ. 157కి 3 వచ్చిందంటే రైల్లో ఒత్తిడి పెరిగిందని కాదు, సిగ్నల్ వైరులో వోల్టేజీ పెరిగిందని. పంపు విప్పే ముందు సెన్సరు ప్లగ్గులో 5 వోల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్ మూడూ కొలిచి చూడు. ఈ ఒక్క తేడా తెలియక మంచి పంపులు ఎన్నో బల్ల మీదికి ఎక్కుతున్నాయి.

ఇక నీ అసలు భయం, బీఎస్-6. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ పద్ధతిలో సైలెన్సర్ ఉండే చోట ఒక చిన్న రసాయన కర్మాగారం వచ్చి కూర్చుంది. షెడ్డు పని దీంతో చెల్లిపోలేదు. వారంటీ దాటిన బండ్లన్నీ షెడ్డుకే వస్తున్నాయి, వాటిని అర్థం చేసుకునే చేతులే తక్కువ.

ఎక్కువగా ఎదురయ్యేది ఎస్‌సీఆర్ (యూరియా ద్రావణం చిమ్మి పొగలోని నాక్స్, అంటే నైట్రోజన్ ఆక్సైడ్‌లను తగ్గించే ఏర్పాటు) సామర్థ్యం తగ్గిందన్న కోడ్, ఎస్‌పీఎన్ 4364. బండి పవరు కోసేస్తుంది, డ్రైవరు గోల. చాలా చోట్ల వెంటనే నాక్స్ సెన్సరు మారుస్తారు. ఖరీదైన భాగం, ఎన్నోసార్లు దాని తప్పేమీ ఉండదు. ముందు చవకైనవి చూడు. యూరియా ద్రావణం రెండు చుక్కలు రిఫ్రాక్టోమీటర్ (గాఢత కొలిచే పనిముట్టు) మీద వేస్తే 32.5 శాతం చూపించాలి. నీళ్లు కలిసినా, పొలానికి వేసే యూరియా కలిపి చేసిన సరుకైనా సెన్సరు తన పని తాను చేసినట్టే. మంచి సరుకు కూడా ఎండలో చెడుతుంది. 30 డిగ్రీల లోపు ఏడాది నిలిచేది, 35 దగ్గర ఆరు నెలలకు తగ్గుతుంది. మన వేసవిలో రేకుల షెడ్డు కింద డ్రమ్ములు పెట్టేవాళ్లకు ఇది చెప్పాలి. రాగి, ఇత్తడి, జింకు పూత పాత్రల్లో పోయకూడదు, లోహం కరిగి కెటలిస్టును పాడుచేస్తుంది.

ద్రావణం బాగుంటే డోసింగ్ నాజిల్ విప్పి చూడు. తెల్లటి గడ్డ కట్టి ఉంటే వేడినీళ్లతో కరుగుతుంది, స్క్రూ డ్రైవర్‌తో గీకకు. స్కానర్‌తో డోసింగ్ పరీక్ష పెట్టి కొలత గ్లాసులోకి పట్టి, మాన్యువల్ చెప్పిన పరిమాణం వచ్చిందో చూడు. సెన్సరుకు ముందు ఎగ్జాస్ట్ జాయింట్లలో మసి చారలు ఉన్నాయేమో చూడు, అక్కడ గాలి లోపలికి లాగితే రీడింగు తప్పుతుంది. ఇవన్నీ సరిగా ఉంటేనే సెన్సరు, ఆఖరున కెటలిస్టు. డీపీఎఫ్ కూడా ఇంతే. మళ్లీ మళ్లీ నిండుతోందంటే ఫిల్టరును తిట్టకుండా మసి ఎక్కడి నుంచి వస్తోందో వెతుకు. కారుతున్న ఇంజెక్టరు, చినిగిన టర్బో గొట్టం, తెరుచుకుని ఇరుక్కున్న ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపేది), ఆయిలు వదులుతున్న టర్బో, ఇవే ఎక్కువ. ఒక్క మాట గట్టిగా చెప్తాను: ఎస్‌సీఆర్‌కు దొంగ సిగ్నల్ ఇచ్చే డబ్బా పెట్టమని ఓనర్లు అడుగుతారు, డబ్బులూ బాగానే ఇస్తారు. పెట్టకు. అది చట్టవిరుద్ధం, ఆ పొగ పీల్చేది రోడ్డు పక్కన బడికి నడిచిపోయే పిల్లలు.

మాన్యువళ్లు ఇంగ్లిష్‌లో ఉంటాయని జంకకు. అందులో తిరిగే మాటలు రెండు మూడు వందలకు మించవు. రోజుకు ఐదు మాటలు తెలుగులో అర్థం రాసుకుంటూ పోతే మూడు నెలల్లో టార్క్ పట్టిక, వైరింగ్ బొమ్మ నీ అంతట నువ్వే చదువుతావు. అదే పుస్తకంలో ప్రతి బండికీ ఒక పేజీ: కిలోమీటర్లు, డ్రైవరు చెప్పిన ఫిర్యాదు, నువ్వు కొలిచిన అంకెలు, మార్చిన భాగం, మళ్లీ వచ్చిందా లేదా. బండి తిరిగి వస్తే ఆ పేజీ దగ్గర ఆగి తప్పు ఎక్కడో పట్టుకో.

మిగతావి క్లుప్తంగా. హెవీ లైసెన్సు తెచ్చుకో. 20 ఏళ్లు నిండి, లైట్ వెహికల్ లైసెన్సు వచ్చి ఏడాది అయితే దరఖాస్తు చేయొచ్చు. ట్రయలు తానే నడిపి చూసుకోగల మెకానిక్ విలువ వేరు. గల్ఫ్ ఆలోచన ఉంటే మూడేళ్ల అనుభవం తర్వాతే, అదీ కేంద్ర ప్రభుత్వ వలస పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటు ద్వారానే. ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు పైసా ఎక్కువ కట్టకు. తెలంగాణ వాళ్లకు విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. ఎలక్ట్రిక్ బస్సులు తిరుపతిలో, హైదరాబాద్‌లో తిరుగుతున్నాయి, లారీలూ వస్తున్నాయి. ఆరెంజ్ రంగు కేబుల్ కనిపిస్తే అది వందల వోల్టుల లైను, ప్రత్యేక శిక్షణ లేకుండా ముట్టుకోవద్దు. బ్రేకు దుమ్మును గాలి గొట్టంతో ఊదకు, తడిగుడ్డతో తుడువు. వాడిన ఇంజన్ ఆయిలుతో చేతులు కడుక్కునే అలవాటు ఉంటే ఈరోజే మానెయ్యి.

పనిముట్ల సంగతి. ఒక్కసారే పెద్ద డబ్బా కొనకు. మొదటి నెల జీతంతో మంచి డిజిటల్ మల్టీమీటరు, ఫీలర్ గేజి, స్టీలు స్కేలు. రెండో విడత 8 నుంచి 32 దాకా రింగ్ పానాలు, అర అంగుళం సాకెట్ సెట్టు. తర్వాత 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల టార్క్ రెంచి. వాడాక దాన్ని కింది అంకెకు తిప్పి పెట్టు, లేకపోతే లోపలి స్ప్రింగు లెక్క తప్పుతుంది. దాంతో ఎప్పుడూ నట్టు విప్పకు. చక్రాల పెద్ద రెంచి షెడ్డుదే వాడుకోవచ్చు. ఏడాది తర్వాత డయల్ గేజి, అయస్కాంతం స్టాండు, వెర్నియర్, రిఫ్రాక్టోమీటర్. స్కానర్ అన్నిటికంటే చివర, అదీ నీ దగ్గరికి ఏ కంపెనీ బండ్లు ఎక్కువ వస్తున్నాయో తెలిశాకే. ఏ కంపెనీ ఏ మోడల్ డీలరు దగ్గర చేరబోతున్నావో ఇక్కడ రాస్తే, ఆ ఇంజన్‌కు మొదట గుర్తుపెట్టుకోవాల్సిన కొలతలు విడిగా రాస్తాను.